పదార్థాల క్రమక్షయం

వేగంగా వచ్చే ఘన రేణువులు గాని, ద్రవ బిందువులు గాని, ద్రవంలో పగిలే బుడగలు గాని ఒక వస్తువు ఉపరితలాన్ని పదే పదే తాకడం వలన అందులోని పదార్థం కొద్దికొద్దిగా ఊడిపోవడాన్ని పదార్థాల క్రమక్షయం అంటారు. ఇంగ్లీషులో దీనిని ఎరోజన్ అంటారు. భూగోళ శాస్త్రంలో వాన నీటికి, గాలికి నేల కోసుకుపోవడాన్ని కూడా క్రమక్షయం అనే వ్యవహరిస్తారు. ఈ వ్యాసం యంత్రభాగాలలో, వాటిని తయారుచేసే లోహాలలో, పింగాణీలలో, పూతలలో జరిగే క్రమక్షయానికి సంబంధించినది.

ఇది యంత్ర ఇంజనీరింగుకు, పదార్థ విజ్ఞానానికి ఉమ్మడి పాఠ్యాంశం. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలలో బాయిలరు గొట్టాలకు చిల్లులు పడడం, హిమాలయ నదులపై ఉన్న జలవిద్యుత్ కేంద్రాలలో టర్బైను చక్రాలు అరిగిపోవడం, ఎడారి ప్రాంతాలలో హెలికాప్టరు ఇంజన్లు త్వరగా పాడైపోవడం ఇవన్నీ క్రమక్షయానికి ఉదాహరణలు. ఈ రంగంలో హైదరాబాదు పరిసరాలకు ప్రత్యేక స్థానం ఉంది. ఇక్కడి రక్షణ లోహ పరిశోధనాలయంలో లోహాల క్రమక్షయంపై జరిగిన పరిశోధనలు అంతర్జాతీయ గుర్తింపు పొందాయి. క్రమక్షయానికి గురయ్యే యంత్రాలను తయారుచేసే కర్మాగారాలు, వాటిని వాడే పరిశ్రమలు కూడా ఈ నగరం చుట్టుపక్కలనే ఉన్నాయి.

ఇతర అరుగుదలలతో తేడా

యంత్రభాగాలు అరగడానికి కారణాలు అనేకం. రెండు లోహపు ముక్కలు ఒకదానిపై ఒకటి జారినప్పుడు కలిగేది రాపిడి వలన అరుగుదల. గట్టి రేణువు ఒకటి రెండు తలాల మధ్య చిక్కుకుని గీరడం మరొక రకం. గాలి, నీరు, ఆమ్లం వంటి వాటితో రసాయన చర్య జరిగి లోహం తినివేయబడితే అది తుప్పు. క్రమక్షయంలో వీటికి భిన్నంగా తాకిడి ప్రధానం. రేణువు ఎక్కడినుండో ఎగిరి వచ్చి తగులుతుంది, మైక్రోసెకన్ల కాలంలో తన గతిజ శక్తిలో కొంత భాగాన్ని ఉపరితలానికి ఇచ్చి తిరిగి ఎగిరిపోతుంది. ఒక్క తాకిడి చేసే నష్టం కంటికి కనిపించనంత చిన్నది. కోట్ల తాకిడుల తరువాత గొట్టం గోడ పలచబడుతుంది.

ఆచరణలో క్రమక్షయం, తుప్పు తరచుగా కలిసే పనిచేస్తాయి. ఉక్కుపై ఏర్పడే పలుచని ఆక్సైడు పొర సాధారణంగా దానిని కాపాడుతుంది. రేణువులు ఆ పొరను ఎప్పటికప్పుడు లేపివేస్తే క్రింది లోహం మళ్ళీ మళ్ళీ తుప్పుకు గురవుతుంది. రెండూ కలిసి చేసే నష్టం విడివిడిగా చేసే నష్టాల మొత్తాన్ని మించిపోవచ్చును.

రకాలు

క్రమక్షయాన్ని ముఖ్యంగా మూడు రకాలుగా విభజిస్తారు.

ఘన రేణువుల క్రమక్షయం: ఇసుక, బూడిద, ధూళి వంటివి గాలిలో గాని ద్రవంలో గాని కొట్టుకువచ్చి తాకడం వలన కలిగేది.

ద్రవ బిందువుల క్రమక్షయం: నీటి చుక్కలు అతివేగంగా తాకడం వలన కలిగేది. నీరు మెత్తనిదే అయినా, వేగంగా తాకిన మొదటి క్షణంలో అది ప్రక్కలకు జారుకునే వ్యవధి ఉండదు. అప్పుడు పుట్టే పీడనం సుమారుగా నీటి సాంద్రత, నీటిలో ధ్వని వేగం, తాకిడి వేగం ఈ మూడింటి లబ్ధానికి సమానం. సెకనుకు 300 మీటర్ల వేగంతో తాకిన చుక్క ఈ లెక్కన సుమారు 450 మెగా పాస్కల్‌ల పీడనాన్ని కలిగిస్తుంది. సాధారణ మెత్తటి ఉక్కు శాశ్వతంగా రూపు మారడానికి సుమారు 250 మెగా పాస్కల్‌ల ప్రతిబలం చాలును.

కావిటేషన్ క్రమక్షయం: ప్రవహించే ద్రవంలో ఎక్కడైనా పీడనం బాగా తగ్గితే అక్కడ ఆవిరి బుడగలు ఏర్పడతాయి. అవి పీడనం ఎక్కువగా ఉన్న చోటికి చేరగానే హఠాత్తుగా కూలిపోతాయి. గోడకు దగ్గరగా కూలిన బుడగ నుండి సన్నని ద్రవధార, అఘాత తరంగం వెలువడి గోడను దెబ్బతీస్తాయి. ఓడల ప్రొపెల్లర్లు, పంపులు, జల టర్బైన్లు దీనికి గురవుతాయి. బుడగ కూలే తీరును 1917లో లార్డ్ రేలీ గణితపరంగా వివరించాడు.

ఘన రేణువుల క్రమక్షయాన్ని ప్రభావితం చేసే అంశాలు

వేగం: అన్నింటికంటె ముఖ్యమైనది తాకిడి వేగం. లోహాలలో క్రమక్షయపు రేటు వేగం యొక్క సుమారు 2 నుండి 3 వరకు గల ఘాతానికి అనులోమంగా ఉంటుంది. ఘాతం 2.5 అనుకుంటే, వేగం రెట్టింపు అయినప్పుడు నష్టం 5 రెట్లకు పైగా పెరుగుతుంది. అదే వేగాన్ని 20 శాతం తగ్గిస్తే నష్టం 40 శాతానికి పైగా తగ్గుతుంది. యంత్రాన్ని రూపొందించే ఇంజనీరుకు ఈ సంబంధమే మొదటి ఆయుధం.

తాకిడి కోణం: రాగి, అల్యూమినియం, మెత్తటి ఉక్కు వంటి సాగే గుణం గల లోహాలు రేణువులు ఏటవాలుగా, అంటే ఉపరితలంతో 15 నుండి 30 డిగ్రీల కోణంలో తాకినప్పుడు ఎక్కువగా అరుగుతాయి. గాజు, పింగాణీ వంటి పెళుసు పదార్థాలు రేణువులు నిట్టనిలువుగా, అంటే 90 డిగ్రీల కోణంలో తాకినప్పుడు ఎక్కువగా అరుగుతాయి. సాగే లోహంలో నష్టం కోత వలన, రూపు మారడం వలన కలుగుతుంది. పెళుసు పదార్థంలో పగుళ్ళు ఏర్పడి ఒకదానితో ఒకటి కలియడం వలన ముక్కలు ఊడతాయి. కాబట్టి ఏ పదార్థం మేలైనదో చెప్పడానికి ముందు రేణువు ఏ కోణంలో తగులుతుందో తెలియాలి.

రేణువు స్వభావం: కోణాలు తేలిన రేణువు గుండ్రని రేణువు కంటె ఎక్కువగా కోస్తుంది. రేణువు కాఠిన్యం లోహపు కాఠిన్యం కంటె తక్కువైతే నష్టం బాగా తగ్గుతుంది. ఇసుకలోను, బొగ్గు బూడిదలోను ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంలో 7. సాధారణ ఉక్కుల కంటె ఇది గట్టిది.

కాఠిన్యం చిక్కుముడి

గట్టి లోహం తక్కువగా అరుగుతుందని సామాన్యంగా అనుకుంటారు. రాపిడి విషయంలో ఇది చాలావరకు నిజమే. క్రమక్షయం విషయంలో ఈ ఊహ సరిపోలేదు. ఈ రంగపు చరిత్రలో ఎక్కువ భాగం ఈ చిక్కుముడిని విప్పడానికి జరిగిన ప్రయత్నమేనని చెప్పవచ్చును.

ఆధునిక అధ్యయనానికి పునాది వేసినవాడు ఇయాన్ ఫిన్నీ. ఈయన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ ప్రాంగణంలో యంత్ర ఇంజనీరింగు ఆచార్యుడు. 1960లో ప్రచురించిన వ్యాసంలో ఆయన రేణువును ఒక చిన్న ఉలిగా భావించాడు. అది ఏటవాలుగా వచ్చి లోహాన్ని చెక్కుతూ పోతుందని, చెక్కిన ఘనపరిమాణాన్ని చలన సమీకరణాల నుండి లెక్కించవచ్చునని చూపాడు. ఏటవాలు తాకిడిలో నష్టం ఎందుకు ఎక్కువో దీనితో అర్థమైంది. అయితే నిట్టనిలువుగా తాకిన రేణువు చెక్కడానికి వీలులేదు గనుక, అప్పుడు నష్టం సున్నా కావాలని ఈ సిద్ధాంతం చెబుతుంది. ప్రయోగాలలో మాత్రం 90 డిగ్రీల వద్ద కూడా లోహం అరుగుతూనే ఉంది. 1963లో జె.జి.ఎ. బిట్టర్ ఈ లోపాన్ని సవరించడానికి నష్టాన్ని రెండు భాగాలుగా విభజించాడు. ఒకటి కోత వలన, రెండవది పదే పదే రూపు మారడం వలన.

1967లో ఫిన్నీ, ఆయన సహచరులు మరొక వింతను చూపారు. శుద్ధ లోహాలను మెత్తబరచిన స్థితిలో పోల్చినప్పుడు, కాఠిన్యం పెరిగిన కొద్దీ క్రమక్షయం తగ్గింది. అదే లోహాన్ని సుత్తితో కొట్టి గాని, సాగదీసి గాని, ఉష్ణ ప్రక్రియ ద్వారా గాని గట్టిపరచినప్పుడు క్రమక్షయంలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. అంటే కమ్మరి కొలిమిలో ఎరుపెక్కించి నీటిలో ముంచి గట్టిపరచిన ఉక్కు, ఉలిగా బాగా పనిచేసినా, ఇసుక గాలికి మాత్రం మెత్తటి ఉక్కు వలెనే అరుగుతుంది.

ఈ వింతకు కారణాన్ని వివరించిన ప్రయత్నాలలో ముఖ్యమైనది జి. సుందరరాజన్, పాల్ ష్యూమన్ 1983లో ప్రతిపాదించిన నమూనా. రేణువు తాకినప్పుడు లోహం రూపు మారే వేగం అసాధారణమైనది. ప్రయోగశాలలో తీగను మెల్లగా లాగి పరీక్షించే దానికంటె ఇది కోట్ల రెట్లు ఎక్కువ. అంత తక్కువ వ్యవధిలో పుట్టిన వేడి బయటికి పోలేదు. అందువలన తాకిన చోట లోహం వేడెక్కి మెత్తబడుతుంది. వికృతి ఒక హద్దును దాటగానే, రూపు మార్పు గుంట అంతటా సమంగా జరగడం మాని, ఉపరితలం దగ్గర ఒక సన్నని పొరలో కేంద్రీకృతమవుతుంది. అప్పుడు గుంట అంచున లోహం పెదవి వలె పైకి లేస్తుంది. తరువాతి తాకిడులకు ఆ పెదవి విరిగిపోతుంది. నిట్టనిలువు తాకిడిలో లోహం ఊడడానికి ఇదే ప్రధాన మార్గం.

దీనిని బట్టి చూస్తే చిక్కుముడి విడిపోతుంది. లోహాన్ని గట్టిపరిస్తే గుంట చిన్నదవుతుంది, ఇది లాభం. కాని గట్టిపరచిన లోహానికి ఇంకా గట్టిపడే శక్తి తక్కువగా మిగులుతుంది. అందువలన రూపు మార్పు త్వరగా ఒకచోట కేంద్రీకృతమై పెదవి త్వరగా ఏర్పడుతుంది, ఇది నష్టం. ఈ రెండూ దాదాపు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి.

జి. సుందరరాజన్ పరిశోధనలు

గోవిందన్ సుందరరాజన్ మద్రాసు ఐ.ఐ.టి.లో లోహశాస్త్రం చదివి, అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందాడు. తరువాత హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయంలో చేరి అనేక సంవత్సరాలు పనిచేశాడు. లోహాల క్రమక్షయం, తుపాకీ గుండ్ల తాకిడికి లోహాలు ప్రవర్తించే తీరు ఆయన ప్రధాన పరిశోధనాంశాలు. ఈ రెండు విషయాలు వేరువేరుగా కనిపించినా, అతివేగపు తాకిడిలో లోహం ఏమవుతుందనే ఒకే ప్రశ్న రెండింటిలోనూ ఉంది.

లోహపు కాఠిన్యాన్ని మామూలుగా కొలిచేది మెల్లగా నొక్కి. క్రమక్షయంలో తాకిడి అతివేగమైనది గనుక ఆ కొలత పనికిరాదని గ్రహించి, సుందరరాజన్, వై. తిరుపతయ్య కలిసి రక్షణ లోహ పరిశోధనాలయంలో ఒక పద్ధతిని అభివృద్ధి చేశారు. గట్టి బంతిని తెలిసిన వేగంతో లోహంపైకి వదలి, అది చేసిన గుంట పరిమాణం నుండి, తిరిగి లేచిన వేగం నుండి అతివేగపు వికృతి వద్ద లోహపు బలాన్ని లెక్కించడం ఈ పద్ధతి సారాంశం. దీని వివరాలు 1991లో ప్రచురితమయ్యాయి.

1990లో సుందరరాజన్, మనీష్ రాయ్, వెంకటరామన్ కలిసి క్రమక్షయ సామర్థ్యం అనే భావనను ప్రతిపాదించారు. రేణువు చేసిన గుంట ఘనపరిమాణంలో ఎంత భాగం నిజంగా ఊడిపోయింది అన్నదే ఈ సామర్థ్యం. గుంటలోని లోహం ప్రక్కకు జరిగిందే గాని ఊడలేదంటే ఈ విలువ సున్నా. గుంటలోనిదంతా చెక్కివేయబడితే విలువ 1. పెదవి ఏర్పడి విరగడం వలన నష్టం కలిగితే విలువ ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. పెళుసు పదార్థంలో గుంట కంటె పెద్ద ముక్క పగిలి ఊడవచ్చును గనుక విలువ 1 కంటె ఎక్కువ కావచ్చును. ఈ ఒక్క సంఖ్యను బట్టి పదార్థం ఏ విధంగా నశిస్తున్నదో తెలుసుకోవచ్చును. సాగే లోహాలలో ఈ విలువ చాలా తక్కువ. అంటే రేణువులు కదిలించిన లోహంలో అత్యధిక భాగం ఊడకుండానే నిలిచి ఉంటుంది.

సుందరరాజన్ 1994లో ఇంజనీరింగు శాస్త్రాలలో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతిని, 2014లో పద్మశ్రీ పురస్కారాన్ని పొందాడు. హైదరాబాదు శివారులోని బాలాపూర్‌లో ఉన్న చూర్ణ లోహశాస్త్ర, నూతన పదార్థాల అంతర్జాతీయ ఉన్నత పరిశోధనా కేంద్రానికి ఆయన సుదీర్ఘకాలం సంచాలకుడుగా పనిచేశాడు. దీనిని సంక్షిప్తంగా ఎ.ఆర్.సి.ఐ. అంటారు. ఆ తరువాత మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్యుడుగా బోధన, పరిశోధనలను కొనసాగించాడు.

పి. వీరభద్రరావు, కావిటేషన్ అధ్యయనాలు

కావిటేషన్ క్రమక్షయంపై పనిచేసినవారిలో పి. వీరభద్రరావు పేర్కొనదగినవాడు. బి.సి. శ్యామలరావు, ఎన్.ఎస్. లక్ష్మణరావులతో కలిసి తిరిగే యంత్రభాగాలలో బుడగల తీరును, వాటి వలన కలిగే నష్టాన్ని ఆయన అధ్యయనం చేశాడు. 1980ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఉన్న నాసా వారి లూయిస్ పరిశోధనా కేంద్రంలో డొనాల్డ్ బక్లీతో కలిసి పనిచేశాడు. ఈ కేంద్రాన్ని ఇప్పుడు గ్లెన్ పరిశోధనా కేంద్రం అంటారు. గాజు పూసలతో అల్యూమినియం మిశ్రమలోహాన్ని తాకించి, ఏర్పడే గుంటలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించడం, కావిటేషన్ నష్టాన్ని ముందుగా అంచనా వేయడం వీరి కృషిలో ముఖ్యమైనవి.

కావిటేషన్‌లో నష్టం కాలంతోపాటు ఒకే తీరున పెరగదు. మొదట కొంతకాలం బరువు తగ్గదు, ఉపరితలం లోలోపల అలసిపోతూ ఉంటుంది. దీనిని పొదుగు దశ అంటారు. తరువాత నష్టపు రేటు వేగంగా పెరిగి గరిష్ఠానికి చేరుతుంది. ఆపైన గుంటలు లోతైన కొద్దీ రేటు తగ్గవచ్చును. కొన్ని గంటల పరీక్ష నుండి కొన్ని సంవత్సరాల నష్టాన్ని ఊహించాలంటే ఈ వక్రరేఖ ఆకారం తెలియాలి. వీరభద్రరావు, బక్లీ వేరువేరు పరికరాలలో, వేరువేరు పదార్థాలపై లభించిన ఫలితాలను తీసుకుని, కాలాన్ని, నష్టాన్ని గరిష్ఠ రేటుకు సంబంధించిన విలువలతో భాగించి ఒకే పటంపై చూపారు. విడివిడిగా పొంతన లేని అంకెలు ఈ విధంగా దగ్గరికి వచ్చాయి. కావిటేషన్‌కు, ద్రవ బిందువుల క్రమక్షయానికి ఉమ్మడిగా వర్తించే అనుభవ సమీకరణాలను వారు 1984లో ప్రచురించారు.

ప్రయోగశాలలో కొలిచే పద్ధతులు

ఘన రేణువుల క్రమక్షయాన్ని కొలవడానికి అమెరికా పరీక్షా ప్రమాణాల సంస్థ రూపొందించిన జి-76 ప్రమాణం ప్రసిద్ధమైనది. ఇందులో 1.5 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల సన్నని గొట్టం గుండా గాలితోపాటు సుమారు 50 మైక్రాన్ల అల్యూమినా రేణువులను సెకనుకు 30 మీటర్ల వేగంతో నమూనాపైకి పంపుతారు. నిమిషానికి సుమారు 2 గ్రాముల రేణువులు వాడతారు. కొంతసేపు పంపి, నమూనాను శుభ్రపరచి, తూచి, మళ్ళీ పంపుతారు. నమూనా కోల్పోయిన బరువును వాడిన రేణువుల బరువుతో భాగిస్తే క్రమక్షయపు రేటు వస్తుంది. నిట్టనిలువు తాకిడిలో మెత్తని లోహం మొదట బరువు పెరగవచ్చును. రేణువుల ముక్కలు అందులో గుచ్చుకుని ఉండిపోవడం దీనికి కారణం. ఈ దశ దాటి రేటు స్థిరపడేవరకు పరీక్షను కొనసాగించాలి.

కావిటేషన్‌కు జి-32 ప్రమాణం ఉంది. ఇందులో నమూనాను ద్రవంలో ఉంచి సెకనుకు 20,000 సార్లు కంపింపజేస్తారు. ఒక్కొక్క కంపనానికి బుడగలు పుట్టి కూలుతాయి.

పారిశ్రామిక ప్రాధాన్యత

థర్మల్ విద్యుత్ కేంద్రాలు: భారతదేశపు బొగ్గులో బూడిద శాతం ఎక్కువ, తరచుగా 30 నుండి 45 వరకు ఉంటుంది. రామగుండంలోని ఎన్.టి.పి.సి. కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్లు ఉన్నాయి. ఒక యూనిట్టు విద్యుత్తుకు సుమారు 0.65 కిలోల బొగ్గు అవసరమనుకుంటే, 500 మెగావాట్ల యంత్రం గంటకు సుమారు 325 టన్నుల బొగ్గును కాలుస్తుంది. బూడిద 38 శాతం అనుకున్నా గంటకు 120 టన్నులకు పైగా బూడిద పుడుతుంది. ఇందులో అధిక భాగం పొగవాయువులతోపాటు గొట్టాల వరుసల మధ్యనుండి ఎగిరిపోతుంది. ఆ గొట్టాలలో అధిక పీడనం గల నీరు, ఆవిరి ఉంటాయి. బూడిద ధాటికి ఒక గొట్టం గోడ పలచబడి చిల్లు పడితే, అందులోనుండి చిమ్మే ఆవిరి ప్రక్క గొట్టాలను కూడా కోస్తుంది. బాయిలరును ఆపి, చల్లార్చి, మరమ్మతు చేసేవరకు ఆ యంత్రం విద్యుత్తు ఇవ్వదు. ఒక్క గొట్టంలో ఒక్క చిల్లు 500 మెగావాట్లను ఆపగలదు. అందువలననే భారతీయ బొగ్గుకు రూపొందించే బాయిలర్లలో వాయువుల వేగాన్ని తక్కువగా ఉంచుతారు, గొట్టాల మధ్య ఎడం ఎక్కువగా ఇస్తారు.

ఆవిరి టర్బైన్లు: సంగారెడ్డి జిల్లాలోని రామచంద్రాపురంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం 1960ల దశకంలో చెకోస్లవేకియా సహకారంతో ఏర్పడింది. ఆవిరి టర్బైన్లు, కంప్రెసర్లు, పంపులు, బొగ్గును పిండి చేసే మిల్లులు ఇక్కడ తయారవుతాయి. క్రమక్షయం ఈ యంత్రాలన్నింటికీ శత్రువు. ఆవిరి టర్బైనులో ఇది రెండు చోట్ల కనిపిస్తుంది. ప్రవేశ ద్వారం వద్ద, బాయిలరు గొట్టాల నుండి పెచ్చులుగా ఊడివచ్చిన ఆక్సైడు ముక్కలు రెక్కలను కోస్తాయి. చివరి వరుసలో, ఆవిరి చల్లబడి ఏర్పడిన నీటి చుక్కలు పొడవైన రెక్కల కొసలను తింటాయి. హైదరాబాదులోని ఈ సంస్థ పరిశోధనా విభాగం జల, ఆవిరి టర్బైన్ల భాగాలకు రక్షణ పూతలపై, లేజరుతో ఉపరితలాన్ని గట్టిపరచడంపై పరిశోధనలు చేసింది.

జలవిద్యుత్ కేంద్రాలు: హిమాలయ నదులలో వానకాలంలో క్వార్ట్జ్ ఇసుక విపరీతంగా వస్తుంది. సట్లెజ్ నదిపై గల 1500 మెగావాట్ల నాథ్‌పా ఝాక్రీ కేంద్రంలో టర్బైను భాగాల అరుగుదల పెద్ద సమస్య. ఇసుక మోతాదు హద్దు మించినప్పుడు యంత్రాలను ఆపివేయవలసి వస్తుంది.

విమానాలు: 1982 జూన్ 24న ఇండొనేషియాలోని గలుంగుంగ్ అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద మేఘంలోకి బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి బోయింగ్ 747 విమానం ప్రవేశించింది. నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. మేఘం దాటి క్రిందికి దిగిన తరువాత అవి మళ్ళీ పనిచేయడంతో విమానం జకార్తాలో క్షేమంగా దిగింది. బూడిద రేణువుల క్రమక్షయానికి ముందరి అద్దాలు మసకబారి, దిగే సమయంలో చోదకులకు ఎదుట ఏమీ సరిగా కనిపించలేదు.

రసాయన, ఔషధ పరిశ్రమలు: పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం, గుమ్మడిదల ప్రాంతాలలో రసాయన, ఔషధ కర్మాగారాలు అధికంగా ఉన్నాయి. ఇటువంటి కర్మాగారాలలో పొడిని గాలితో తరలించే గొట్టాలు, పొడి కలిసిన ద్రవాన్ని నడిపే పంపులు, ధూళిని వేరుచేసే సైక్లోన్లు సర్వసాధారణం. వీటిలో మొదట చిల్లు పడేది గొట్టపు వంపు వద్ద, అంటే ఎల్బో బయటి వైపున. గాలి వంపు తిరిగినంత సులభంగా రేణువు తిరగలేదు. జడత్వం వలన అది నేరుగా పోయి బయటి గోడను తాకుతుంది. పొడి బయటికి చిమ్మితే సరుకు నష్టమే గాక, దానిని పీల్చే కార్మికుల ఆరోగ్యానికి, కొన్ని పొడుల విషయంలో అగ్నిప్రమాదానికి కూడా అవకాశం ఉంది.

నివారణ

క్రమక్షయాన్ని పూర్తిగా ఆపడం సాధ్యం కాదు. దానిని తగ్గించడానికి ఈ క్రింది మార్గాలు ఉన్నాయి.

వేగాన్ని తగ్గించడం: ఇది అన్నింటికంటె చవకైన, నమ్మకమైన మార్గం. గొట్టపు వ్యాసాన్ని పెంచితే ప్రవాహ వేగం తగ్గుతుంది. అయితే వేగం మరీ తగ్గితే పొడి గొట్టంలోనే పేరుకుపోతుంది గనుక దీనికి హద్దు ఉంది.

దారి మార్చడం: వంపు స్థానంలో ఒక చివర మూసిన టీ ఆకారపు గొట్టాన్ని అమరిస్తే, మూసిన చివరలో పొడి కొంత నిలిచిపోతుంది. తరువాత వచ్చే రేణువులు గొట్టాన్ని కాక ఆ పొడినే తాకుతాయి. అరిగించే వస్తువే కవచంగా మారుతుంది.

తగిన పదార్థాన్ని ఎన్నుకోవడం: ఏటవాలు తాకిడి ఉన్న చోట గట్టి పింగాణీ పలకలు బాగా పనిచేస్తాయి. అవే పలకలు నిట్టనిలువు తాకిడికి పగిలిపోవచ్చును. అటువంటి చోట తాకిడిని మింగి తిరిగి లేచే రబ్బరు ఉక్కు కంటె ఎక్కువ కాలం మన్నుతుంది. ఉష్ణోగ్రత ఎక్కువైతే మాత్రం రబ్బరు పనికిరాదు.

పూతలు: కోబాల్టు బంధకంతో కూడిన టంగ్‌స్టన్ కార్బైడు పూతలు విరివిగా వాడుకలో ఉన్నాయి. ఎ.ఆర్.సి.ఐ. ఉక్రెయిన్ శాస్త్రజ్ఞుల సహకారంతో విస్ఫోటన పూత పద్ధతిని అభివృద్ధి చేసి భారతీయ సంస్థలకు అందించింది. ఇందులో ఆక్సిజన్, అసిటిలీన్ మిశ్రమాన్ని ఒక గొట్టంలో పేల్చి, ఆ పేలుడు బలంతో పొడిని ధ్వని వేగాన్ని మించిన వేగంతో భాగంపైకి పంపుతారు. పొడి మెత్తబడి, తాకిన చోట చదునై, దట్టంగా అతుక్కుంటుంది. ఒక రేణువు లోహాన్ని తాకితే ఏమవుతుందన్న జ్ఞానమే ఇక్కడ కూడా ఆధారం. ఒకచోట అది నష్టానికి, మరొకచోట రక్షణకు కారణమవుతుంది.

ఉపయోగాలు

క్రమక్షయం ఎప్పుడూ హానికరమే కాదు. బెంజమిన్ టిల్గ్‌మన్ 1870లో ఇసుకను వేగంగా ఊది ఉపరితలాలను శుభ్రపరచే పద్ధతికి పేటెంటు పొందాడు. తుప్పు వదిలించడానికి, గాజుపై బొమ్మలు చెక్కడానికి శాండ్ బ్లాస్టింగ్ పేరుతో ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది. దీనికి వాడే ఇసుకలోని సిలికా ధూళిని పీల్చితే ఊపిరితిత్తులకు సిలికోసిస్ అనే నయం కాని వ్యాధి వస్తుంది. అందువలన ఇసుకకు బదులు ఉక్కు గుళికలు, అల్యూమినా వంటివి వాడడం మేలు. గార్నెట్ రేణువులు కలిపిన అతివేగపు నీటిధారతో గ్రానైటును, లోహపు పలకలను వేడి పుట్టకుండా కోయవచ్చును.

బోధనలో స్థానం

యంత్ర ఇంజనీరింగు విద్యార్థికి క్రమక్షయం సాధారణంగా ట్రైబాలజీ పాఠంలో ఒక భాగంగా వస్తుంది. రాపిడి, అరుగుదల, కందెనలకు సంబంధించిన శాస్త్రం ట్రైబాలజీ. ప్రవాహాల గతిశాస్త్రం, లోహశాస్త్రం, యంత్ర రూపకల్పన అనే మూడు పాఠాలను ఒకచోటికి తెచ్చే అంశం ఇది. రేణువు ఎక్కడ, ఏ వేగంతో, ఏ కోణంలో తాకుతుందో మొదటి పాఠం చెబుతుంది. తాకినప్పుడు పదార్థం ఏమవుతుందో రెండవది చెబుతుంది. అందుకు తగిన ఆకారం, మందం ఏమిటో మూడవది చెబుతుంది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా గట్టి లోహాన్ని తెచ్చి అమర్చి, కొద్ది నెలలలోనే మళ్ళీ చిల్లు పడిందని ఆశ్చర్యపోవలసి వస్తుంది. పదార్థాన్ని మార్చడానికి ముందు తాకిడిని అర్థం చేసుకోవాలన్నది ఫిన్నీ కాలం నుండి నేటివరకు ఈ రంగంలోని పరిశోధకులు నేర్పిన ముఖ్యమైన పాఠం.